అట్లాంటిక్ లీగ్ 2019 సీజన్

అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు తీరాన ప్రధానంగా సాగే అట్లాంటిక్ లీగ్ అనే స్వతంత్ర వృత్తి బేస్‌బాల్ పోటీకి 2019 ఇరవై రెండవ సీజన్. ఎనిమిది జట్లు ఒక్కొక్కటి 140 ఆటలు ఆడిన ఆ ఏడాది చివరికి న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన లాంగ్ ఐలండ్ డక్స్ జట్టు విజేతగా నిలిచింది. అయితే బేస్‌బాల్ చరిత్రలో ఈ సీజన్‌కు స్థానం దక్కింది విజేత వల్ల కాదు. దేశంలో అత్యున్నతమైన మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ తన ఆటలో తేవాలని తలపోస్తున్న మార్పులను ముందుగా ఈ చిన్న లీగ్ మైదానాలలో, ఈ లీగ్ ఆటగాళ్లపై పరీక్షించి చూసుకుంది. యంత్రం బంతిపై తీర్పు ఇచ్చి అంపైరు చెవిలో చెప్పడం, బ్యాటర్ మొదటి బేస్‌ను దొంగిలించడం వంటివి వృత్తి బేస్‌బాల్‌లో మొదటిసారి జరిగింది ఇక్కడే.

అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో పై మెట్టున 30 జట్ల మేజర్ లీగ్, దాని కింద అంచెలంచెలుగా మైనర్ లీగ్‌లు ఉంటాయి. మైనర్ లీగ్ జట్టు ఏ ఊరిదైనా, దానిలో ఆడేవారి జీతం, శిక్షణ, బదిలీ అన్నీ పైనున్న మాతృ జట్టు చేతిలోనే ఉంటాయి. కుర్రవాళ్లను తీర్చిదిద్దడమే ఆ ఏర్పాటు ఉద్దేశం కనుక ఆ ఊరి జట్టు గెలిచిందా ఓడిందా అన్నది మాతృ జట్టుకు రెండో సంగతి. స్వతంత్ర లీగ్ జట్టుకు అటువంటి అండ లేదు, అటువంటి పగ్గమూ లేదు. యజమాని ఆటగాళ్లను తానే ఎంచుకుని, టిక్కెట్ల మీద, మైదానంలో అమ్మే తినుబండారాల మీద, గోడలపై ప్రకటనల మీద వచ్చే డబ్బుతోనే జీతాలిచ్చి, జట్టును నడుపుకోవాలి. ఈ పద్ధతి ఒకప్పుడు దాదాపు కనుమరుగైనా, 1993లో మైల్స్ వోల్ఫ్ స్థాపించిన నార్తర్న్ లీగ్ మిన్నెసోటా, డకోటా ప్రాంతాల పట్టణాలలో విజయవంతం కావడంతో మళ్లీ ప్రాణం పోసుకుంది.

అట్లాంటిక్ లీగ్ పుట్టుకకు కారణం మేజర్ లీగ్‌లోని ప్రాంతీయ హక్కుల నిబంధన. ఒక మేజర్ లీగ్ జట్టు పరిధిగా గుర్తించిన ప్రదేశంలో, దాని అంగీకారం లేకుండా, మరో అనుబంధ జట్టు వెలియడానికి వీలులేదు. లాంగ్ ఐలండ్‌లో మైనర్ లీగ్ జట్టును పెట్టాలనుకున్న ఫ్రాంక్ బౌల్టన్‌కు న్యూయార్క్ మెట్స్ జట్టు హక్కులు అడ్డురాగా, ఏ అనుమతీ అక్కరలేని సొంత లీగ్‌నే ఆయన 1998లో ప్రారంభించాడు. మొదటి ఏడాది అట్లాంటిక్ సిటీ సర్ఫ్ జట్టు గెలిచింది. ఆయన కోరుకున్న లాంగ్ ఐలండ్ జట్టు 2000లో సెంట్రల్ ఐస్లిప్ పట్టణంలో మొదలైంది. మేజర్ లీగ్ నిబంధన కాదన్నందుకు పుట్టిన లీగ్, రెండు దశాబ్దాల తరువాత అదే మేజర్ లీగ్‌కు ప్రయోగశాలగా మారింది.

ఈ లీగ్‌లో ఆడేవారిలో అధికులు ఇతర స్వతంత్ర లీగ్‌లలోని కొత్త కుర్రవాళ్లకు భిన్నంగా ఒకసారి పైమెట్లు ఎక్కి దిగినవారు. గాయంతోనో, వయసుతోనో, ఫామ్ పోయో అనుబంధ జట్ల నుంచి బయటపడినవారు, అప్పట్లో నెలకు సుమారు 3,000 డాలర్లకు మించని జీతానికి ఇక్కడ ఆడుతూ, మళ్లీ పిలుపు వస్తుందని ఎదురుచూసేవారు. పిలుపు రావడం అపురూపమే అయినా అసంభవం కాదు. బేస్‌ల దొంగతనంలో చరిత్రలోనే అగ్రగణ్యుడైన రికీ హెండర్సన్ 2003లో ఈ లీగ్‌లోని న్యూవర్క్ బేర్స్ జట్టుకు ఆడి, అదే ఏడాది లాస్ ఏంజిల్స్ డాడ్జర్స్‌లో చేరాడు. 2015 ఆగస్టులో 35 ఏళ్ల పిచర్ (బంతి విసిరేవాడు) రిచ్ హిల్ డక్స్ తరఫున రెండే ఆటలలో ఆరంభ పిచర్‌గా ఆడి బోస్టన్ రెడ్ సాక్స్ కంట పడ్డాడు. 2016 డిసెంబరులో డాడ్జర్స్‌తో మూడేళ్లకు 4.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఇటువంటి ఒక్క కథ చాలు, వందమంది మరో వేసవి బస్సెక్కడానికి.

2019లో పాల్గొన్న ఎనిమిది జట్లలో పెన్సిల్వేనియాలోని యార్క్ రెవల్యూషన్, లాంకస్టర్ బార్న్‌స్టార్మర్స్ పొరుగూళ్లవి. ఇంగ్లండులో రాజ్యం కోసం కలహించిన రెండు వంశాల పేర్లే ఈ ఊళ్లకూ ఉండడంతో వీటి పోరును గులాబీల యుద్ధమని పిలుచుకుంటారు. వాల్డార్ఫ్‌లోని సదరన్ మేరీలాండ్ బ్లూ క్రాబ్స్, కనెక్టికట్‌లోని న్యూ బ్రిటన్ బీస్, లాంగ్ ఐలండ్ డక్స్, లీగ్‌లో అత్యధికంగా ఆరుసార్లు టైటిల్ గెలిచిన న్యూజెర్సీ జట్టు సోమర్‌సెట్ పేట్రియట్స్ అంతకు ముందు నుంచీ ఉన్నవే. పేట్రియట్స్ మైదానం ఉన్న బ్రిడ్జ్‌వాటర్, అక్కడి వేంకటేశ్వరాలయం వల్ల అమెరికా తెలుగువారికి బాగా పరిచితమైన ఊరు. ఉత్తర కరోలినాలోని హై పాయింట్ రాకర్స్ ఆ ఏడాదే కొత్త మైదానంతో రంగప్రవేశం చేసింది. అంతకు ముందు సంవత్సరం ఎనిమిదో జట్టు లోటు పూడ్చడానికి, సొంత మైదానమే లేకుండా అన్ని ఆటలూ పరాయి ఊళ్లలో ఆడే రోడ్ వారియర్స్ అనే సంచార జట్టును లీగ్ నడిపింది. మిగిలిన జట్టు షుగర్ లాండ్ స్కీటర్స్ టెక్సస్‌లో, హ్యూస్టన్ శివారున, తక్కిన అందరికీ వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి, బస్సు లీగ్‌కు విమానం ఖర్చు తెచ్చిపెట్టింది. జట్లను నాలుగేసి చొప్పున రెండు విభాగాలు చేసి, సీజన్‌ను 70 ఆటల చొప్పున రెండు అర్ధభాగాలుగా విడదీసి, ప్రతి అర్ధభాగపు విజేతకూ నాకౌట్ దశలో చోటు ఇవ్వడం ఈ లీగ్ అప్పటి పద్ధతి. మొదటి సగంలో చతికిలబడిన జట్టుకు కూడా జూలైలో లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కనుక, ప్రేక్షకులు మైదానం విడిచిపోరు.

మేజర్ లీగ్‌తో ఒప్పందం

2019 ఫిబ్రవరిలో మేజర్ లీగ్, అట్లాంటిక్ లీగ్ మూడేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం మేజర్ లీగ్ కోరిన నిబంధనలను, పరికరాలను అట్లాంటిక్ లీగ్ అమలుచేసి చూపాలి. బదులుగా మేజర్ లీగ్ ఇక్కడి మైదానాలలో బంతి గమనాన్ని కొలిచే రాడార్లు అమర్చి, ఇక్కడి ఆటగాళ్లపై తన పరిశీలకుల దృష్టిని పెంచాలి. ఉద్యోగం కోసం ఆడుతున్నవారికి తమ బంతి వేగం, తిరుగుడు అంకెల రూపంలో పైజట్ల బల్లలపైకి చేరడం చిన్న ప్రతిఫలం కాదు.

మేజర్ లీగ్‌కు ఈ తొందర ఎందుకంటే, 2018 సీజన్‌లో దాని చరిత్రలో మొదటిసారిగా హిట్‌ల కంటే స్ట్రైక్‌ఔట్‌ల సంఖ్య మించిపోయింది. బ్యాటర్ బంతిని మైదానంలోకి కొట్టకుండానే మూడు స్ట్రైక్‌లతో వెనుదిరగడాన్ని స్ట్రైక్‌ఔట్ అంటారు. అది పెరిగిన కొద్దీ పరుగెత్తడం, పట్టడం, విసరడం తగ్గి, ఆట పిచర్‌కు, అతడి బంతిని అందుకునే క్యాచర్‌కు మధ్య బంతి ఇచ్చిపుచ్చుకోవడంగా మిగులుతుంది. పైగా అప్పట్లో ఒక్కో ఆట మూడు గంటలు సాగేది. మందు ఏమిటో తెలియక కాదు, మొదట ఎవరు మింగి చూడాలన్నదే చిక్కు. మేజర్ లీగ్‌లో నియమాలు మార్చాలంటే బలమైన ఆటగాళ్ల సంఘంతో మాట్లాడాలి. మైనర్ లీగ్‌లలో ప్రయత్నించవచ్చు గానీ, అక్కడి కుర్ర పిచర్ల భుజాలపై మాతృ జట్లు లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టాయి. అట్లాంటిక్ లీగ్ ఆటగాళ్లకు సంఘమూ లేదు, వారిపై ఎవరి పెట్టుబడీ లేదు. ప్రయోగానికి ఈ లీగ్‌ను ఎంచుకోవడంలో ఆట నాణ్యతకు ఎంత పాత్ర ఉందో, ఈ వాస్తవానికీ అంత పాత్ర ఉందని భావించక తప్పదు.

మొదటి అర్ధభాగం

మార్చి 8న ప్రకటించిన నిబంధనలలో కొన్ని సీజన్ ఆరంభం నుంచే అమలయ్యాయి. మొదటి, రెండవ, మూడవ బేస్‌ల పలకలు 15 అంగుళాల చదరం నుంచి 18 అంగుళాలకు పెరిగాయి. దానివల్ల బ్యాటర్ నిలిచే హోం ప్లేట్ నుంచి మొదటి బేస్‌కు దూరం మూడు అంగుళాలు, మొదటి నుంచి రెండవ బేస్‌కు నాలుగున్నర అంగుళాలు తగ్గింది. అంగుళాల వ్యత్యాసంతో ఔటో కాదో తేలే ఆటలో ఇది పరుగెత్తేవాడికి లాభమే కాక, ఒకే పలకపై ఇద్దరి పాదాలు తొక్కుకోకుండా రక్షణ కూడా. బ్యాటర్ బంతిని ఏ వైపు కొడతాడో గణాంకాలతో ముందే తెలుసుకుని ముగ్గురు లోపలి ఫీల్డర్లను ఒకే పక్కకు జరపడం అప్పటికి ఆనవాయితీగా మారినందున, రెండవ బేస్‌కు ఇరుపక్కలా ఇద్దరేసి చొప్పున ఉండి తీరాలన్న నియమం వచ్చింది. పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ సగం ఇన్నింగ్స్ ముగిసేదాకా ఆగాలి. ఒక్క బ్యాటర్ కోసమే ఒక పిచర్‌ను దించి వెంటనే మార్చే ఎత్తుగడ దీంతో మూతపడింది. పిచర్‌ను మార్చడానికో, దెబ్బ తగిలితేనో తప్ప కోచ్‌లు పిచర్ దగ్గరకు వెళ్లడం ఆగిపోయింది. ఇన్నింగ్స్‌ల మధ్య విరామం 2 నిమిషాల 5 సెకన్ల నుంచి 1 నిమిషం 45 సెకన్లకు తగ్గింది.

వీటిలో దేనికీ ఆటగాళ్లు అంతగా కలవరపడలేదు. వారిని కలవరపెట్టింది రెండవ అర్ధభాగానికి అనుకున్న మరో ప్రతిపాదన. పిచర్ నిలబడే మట్టి దిబ్బను మౌండ్ అంటారు. దానిపై పాదం మోపే రబ్బరు పలకకూ హోం ప్లేట్‌కూ మధ్య దూరం 1893 నుంచి 60 అడుగుల 6 అంగుళాలు. దానిని ఒకేసారి 24 అంగుళాలు వెనక్కి జరిపి బ్యాటర్‌కు బంతిని చూసే సమయం పెంచాలని మేజర్ లీగ్ భావించింది. ఒకే దూరానికి ఏళ్ల తరబడి కండరాలను అలవాటు చేసుకున్న పిచర్లకు ఇది సీజన్ మధ్యలో మోచేతితో జూదమాడడంలా తోచింది. ఏప్రిల్‌లోనే ఈ మార్పును 2020 రెండవ అర్ధభాగానికి వాయిదా వేశారు.

జూలై 10, యార్క్

లీగ్‌లోని మేటి ఆటగాళ్ల ప్రదర్శన ఆట 2019 జూలై 10న యార్క్‌లోని పీపుల్స్‌బ్యాంక్ పార్కులో జరిగింది. ఎడమ వైపు గోడ, బోస్టన్‌లోని ఫెన్వే పార్కు ప్రసిద్ధ గోడ కంటే కాస్త ఎక్కువ ఎత్తు ఉండడం ఆ మైదానం ప్రత్యేకత. ఆ రాత్రి హోం ప్లేట్ వెనుక నిలిచిన అంపైర్ బ్రయన్ డిబ్రావెర్ జేబులో ఒక ఐఫోన్, చెవిలో దానికి అనుసంధానమైన చిన్న స్పీకరు ఉన్నాయి. హోం ప్లేట్ వెనుక ఎత్తున అమర్చిన ట్రాక్‌మన్ రాడార్ బంతి గమనాన్ని కొలిచి, అది స్ట్రైకా బాలా అన్నది కంప్యూటరు ద్వారా ఆయన చెవికి చేరవేయగా, ఆయన చేయి ఎత్తి ఆ మాటే ప్రకటించాడు. యంత్ర నిర్ణయాన్ని అనుమతించిన మొదటి అమెరికా వృత్తి బేస్‌బాల్ లీగ్‌గా అట్లాంటిక్ లీగ్ దీంతో నమోదైంది.

బ్యాటర్ ఊపకుండా వదిలిన బంతి హోం ప్లేట్‌పై 17 అంగుళాల వెడల్పున, బ్యాటర్ మోకాళ్ల దిగువ నుంచి ఛాతీ సమీపం దాకా ఉండే ఊహాచట్రం గుండా వెళ్తే అది స్ట్రైక్, వెళ్లకపోతే బాల్. ఆ చట్రాన్నే స్ట్రైక్ జోన్ అంటారు. క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ తీర్పు ఆటకు కొన్నిసార్లే వస్తుంది. స్ట్రైక్ జోన్ తీర్పు ఆటకు వందకు పైగా సార్లు వస్తుంది. మనిషి కన్ను ఈ చట్రాన్ని నిబంధనల పుస్తకంలో ఉన్నట్టు కాక, క్యాచర్ చేతి గ్లవ్ ఎక్కడ ఆగిందో చూసి అంచనా వేసేది. అందుకే బంతిని మెల్లగా లోపలికి లాగి స్ట్రైక్‌గా చూపడం క్యాచర్ల విద్యలో భాగమైంది. యంత్రం ఆ విద్యను ఒక్క రాత్రిలో నిరుపయోగం చేసింది. ప్లేట్ ముందు అంచున చట్రాన్ని అంటుకుని ఆపై నేల దగ్గర క్యాచర్ చేతికి చిక్కే వంపు బంతిని ఇంతవరకు ఏ అంపైరూ స్ట్రైక్ అనేవాడు కాదు. రాడార్‌కు మాత్రం అది స్ట్రైకే. పుస్తకం ప్రకారం యంత్రం సరి, అలవాటు ప్రకారం బ్యాటర్ సరి.

అంపైరు పని పూర్తిగా పోలేదు. నేలకు తగిలి లేచి చట్రంలోంచి వెళ్లిన బంతిని రాడార్ స్ట్రైక్‌గా చెప్పే అవకాశం ఉన్నందున దానిని తోసిపుచ్చే అధికారం ఆయనకు ఉంచారు. బ్యాటర్ ఊపాడా, ఊపబోయి ఆపుకున్నాడా అన్నదీ, హోం ప్లేట్ దగ్గర పరుగు ఔట్లూ మనిషి తీర్పులే. మాట చెవికి అందే దాకా పట్టే క్షణకాలపు ఆలస్యం మాత్రం ఆటగాళ్లకు కొత్తగా తోచింది. యంత్రం వస్తే వాగ్వాదాలు పోతాయన్న ఆశ రెండు రోజులే నిలిచింది: జూలై 12న, 1988లో అమెరికన్ లీగ్ మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ పురస్కార గ్రహీత, అప్పటికి హై పాయింట్ జట్టు పిచింగ్ కోచ్ అయిన ఫ్రాంక్ వయోలా, రాడార్ ఇచ్చిన నిర్ణయంపై అంపైర్‌తో వాదించి, మొదటి ఇన్నింగ్స్‌లోనే మైదానం నుంచి బహిష్కృతుడయ్యాడు. తప్పు యంత్రానిదని నమ్మినా, తిట్టడానికి ఎదుట ఉన్నది మనిషే.

రెండవ అర్ధభాగం, ఫలితం

రెండవ అర్ధభాగంలో మరికొన్ని నిబంధనలు చేరాయి. వాటిలో అన్నింటికంటే విడ్డూరంగా కనిపించింది మొదటి బేస్ దొంగతనం. బేస్‌బాల్‌లో పరుగెత్తేవాడు అదను చూసి తరువాతి బేస్‌కు పరుగు తీయడాన్ని దొంగిలించడం అంటారు గానీ, బ్యాటర్ మొదటి బేస్‌ను దొంగిలించే వీలు అప్పటిదాకా లేదు. మూడవ స్ట్రైక్ బంతిని క్యాచర్ జారవిడిస్తే మాత్రమే అతడు పరుగెత్తవచ్చు. కొత్త నియమం ప్రకారం ఏ బంతినైనా క్యాచర్ గాలిలో పట్టలేకపోతే, లెక్క ఎంత ఉన్నా, బ్యాటర్ పరుగెత్తవచ్చు. జూలై 13న సదరన్ మేరీలాండ్ ఆటగాడు టోనీ థామస్ లాంకస్టర్‌పై ఆ పని చేసి చరిత్రలో మొదటివాడయ్యాడు. ఆ తరువాత ఈ అవకాశాన్ని వాడుకున్నవారు కొద్దిమందే. మొదటి బేస్ చేరినా బ్యాటర్ సగటు పెరగదు, బంతి కొట్టే శక్తి ఎవరికీ కనబడదు. పిలుపు కోసం ఎదురుచూసే ఆటగాడికి అది పెద్దగా కలిసొచ్చే పని కాదు.

దీనికంటే లోతైన మార్పు తెచ్చినది ప్రచారం తక్కువైన మరో నియమం. బేస్ దగ్గర పొంచి ఉన్న పరుగువీరుడిని ఔట్ చేయడానికి పిచర్ అటు విసరాలంటే, ముందుగా రబ్బరు పలక నుంచి పాదం తీయాలన్నారు. మొదటి బేస్‌కు ఎదురుగా నిలిచి, ప్లేట్ వైపు విసురుతున్నట్టు కాలెత్తి చటుక్కున అటు విసిరే ఎడమచేతి పిచర్ల ప్రధానాయుధం దీంతో మొద్దుబారింది. దొంగతనాలకు దారి తెరుచుకుంది. రెండు స్ట్రైక్‌లు పడ్డాక, బ్యాటును అడ్డుపెట్టి బంతిని మెల్లగా పడేసే బంట్ ప్రయత్నం ఫౌల్ అయితే పాత నియమం ప్రకారం ఔట్. దానికీ ఒకసారి మినహాయింపు ఇచ్చారు.

ఇన్ని ప్రయోగాల నడుమ టైటిల్ కోసం జరిగిన పోరు పత్రికల కంటికి ఆనలేదు గానీ, అదీ చెప్పుకోదగినదే. లాంగ్ ఐలండ్ డక్స్ 2016, 2017, 2018 సంవత్సరాలలో వరుసగా ఫైనల్‌కు చేరి, షుగర్ లాండ్ చేతిలో రెండుసార్లు, యార్క్ చేతిలో ఒకసారి ఓడింది. 1986లో మెట్స్ జట్టుతో వరల్డ్ సిరీస్ గెలిచిన వాలీ బ్యాక్‌మన్ 2019లో మేనేజరుగా వచ్చాడు. ఫైనల్‌లో మళ్లీ షుగర్ లాండే ఎదురై, అయిదు ఆటల సిరీస్ చివరి ఆట దాకా సాగగా, డక్స్ 3-2 తో గెలిచి, 2004, 2012, 2013 తరువాత నాలుగవ టైటిల్ సాధించింది.

అనంతర పరిణామాలు

2019 డిసెంబరులో మేజర్ లీగ్ అంపైర్ల సంఘం కొత్త ఒప్పందంలో భాగంగా యంత్ర నిర్ణయ పద్ధతి అభివృద్ధికి సహకరించడానికి అంగీకరించింది. ముగ్గురు బ్యాటర్ల నిబంధన 2020లోనే మేజర్ లీగ్‌కు చేరింది. 18 అంగుళాల బేస్‌లు, రెండవ బేస్‌కు ఇరుపక్కలా ఇద్దరేసి ఫీల్డర్ల నియమం, పిచర్ రబ్బరు విడిచే సందర్భాలపై పరిమితి 2023లో చేరాయి. స్ట్రైక్ నిర్ణయం మాత్రం యంత్రానికి పూర్తిగా దఖలు పడలేదు. అంపైర్ తీర్పును పిచర్, క్యాచర్, బ్యాటర్ సవాలు చేసినప్పుడే యంత్రాన్ని అడిగే పద్ధతిని 2026 సీజన్‌కు ఆమోదించారు. క్రికెట్ అభిమానులకు డీఆర్‌ఎస్ వల్ల ఇది సుపరిచితమైన మధ్యేమార్గమే. మొదటి బేస్ దొంగతనం మాత్రం మేజర్ లీగ్‌కు చేరనే లేదు.

లీగ్ స్వరూపమూ మారింది. న్యూ బ్రిటన్ జట్టు ఈ సీజన్‌తో వృత్తి బేస్‌బాల్ నుంచి తప్పుకుని కళాశాల విద్యార్థుల వేసవి లీగ్‌లో చేరింది. కోవిడ్ వల్ల 2020 సీజన్ రద్దయింది. అదే ఏడాది సెప్టెంబరులో అట్లాంటిక్ లీగ్ మేజర్ లీగ్‌కు భాగస్వామ్య లీగ్ హోదా పొందింది. మైనర్ లీగ్‌ల పునర్వ్యవస్థీకరణలో సోమర్‌సెట్ న్యూయార్క్ యాంకీస్‌కు, షుగర్ లాండ్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు 2021 నుంచి అనుబంధ జట్లయ్యాయి. వాయిదాపడిన మౌండ్ ప్రయోగం చివరకు 2021 ఆగస్టు 3 నుంచి, 24 అంగుళాలకు బదులు 12 అంగుళాల మేరకు జరిగింది. స్ట్రైక్‌ఔట్‌లు ఆశించినట్టు తగ్గలేదు. 2022లో అట్లాంటిక్ లీగ్ మౌండ్‌ను పాత 60 అడుగుల 6 అంగుళాలకే తెచ్చి, స్ట్రైక్, బాల్ తీర్పులను తిరిగి అంపైర్ల కళ్లకే అప్పగించింది.